జపాను–ఆసియాన్ ఆర్థిక సహకారము: నష్టపరిహారమునుండి ఒడంబడికవరకు

రెండవ ప్రపంచయుద్ధమున తాను ఆక్రమించి పీడించిన ఆగ్నేయాసియా దేశములతో జపాను మరల సంబంధము నెరపుట నష్టపరిహారముతో మొదలయ్యెను. 1954లో బర్మాతోను, 1956లో ఫిలిప్పీన్సుతోను, 1958లో ఇండోనీషియాతోను ఒప్పందములు కుదిరినవి. ఫిలిప్పీన్సుకు ఒప్పుకొన్న మొత్తము 55 కోట్ల డాలర్లు, గడువు ఇరువది ఏండ్లు. అయితే చెల్లింపు రొక్కముగా గాక ప్రధానముగా జపాను తయారుచేసిన సరకులు, యంత్రములు, సాంకేతిక సేవల రూపమున జరుగవలెనని నిర్ణయించుటచే, తప్పు చేసినవాడు కట్టు జరిమానాయే వాని సరకునకు కొత్త అంగడిని చూపినట్లయ్యెను.

1967 ఆగస్టు 8న ఇండోనీషియా, మలేషియా, ఫిలిప్పీన్సు, సింగపూరు, థాయిలాండు బ్యాంకాకులో సమావేశమై ఆసియాన్ కూటమిని స్థాపించినను, అది జపానుతో ఒక్క గొంతుతో మాటలాడుటకు కొన్నేండ్లు పట్టెను. అందులకు నిమిత్తము రబ్బరు. జపాను కృత్రిమ రబ్బరు ఉత్పత్తి పెరిగినకొలది మలేషియా, ఇండోనీషియా, థాయిలాండు తోటలలోని సహజ రబ్బరు ధర పడిపోవునని భయపడిన కూటమి 1973లో నిరసన తెలుపగా, ఈ విషయమును చర్చించుటకు ఇరుపక్షముల వేదిక యొకటి ఏర్పడెను. నేడు ఘనముగా చెప్పుకొనబడు భాగస్వామ్యమునకు పుట్టుక ఈ ఫిర్యాదే.

మరుసటి యేడు జనవరిలో జపాను ప్రధాని తనాకా ఆసియాన్ దేశములను సందర్శింపగా బ్యాంకాకులో విద్యార్థులు వీధులకెక్కిరి. జకార్తాలో జపాను కార్లు తగులబడినవి, పలువురు ప్రాణములు కోల్పోయిరి. జకార్తా అల్లర్లకు ఇండోనీషియా అధ్యక్షుడు సుహార్తో పరిపాలనపై ఆగ్రహము, సేనానుల అంతఃకలహములును కారణములే యైనను, ఎచటికేగినను జపాను సరకే కంటబడుచు, దాని లాభమంతయు పరదేశము పాలగుచున్నదన్న వేదన మాత్రము కల్పితము కాదు.

ఆ చేదును మరువని టోక్యో ప్రభుత్వము మూడేండ్లకు వేరొక బాణీ ఎత్తుకొనెను. 1977 ఆగస్టులో కౌలాలంపూరున ఆసియాన్ నాయకులను కలిసికొని, పిమ్మట 18వ తేదీన మనీలాలో ప్రసంగించిన ప్రధాని ఫుకుదా, తమ దేశము సైనికశక్తి కాబోదనియు, ఈ ప్రజలతో హృదయపూర్వక విశ్వాసమును పెంపొందించుకొనుననియు, ఆసియాన్‌కు సమాన భాగస్వామిగా మెలగుచు ఇండోచైనాతోను సామరస్యమును కోరుననియు ప్రకటించెను. అయిదు దేశములలో అయిదు ఉమ్మడి పరిశ్రమలకై నూరుకోట్ల డాలర్ల సాయమును కూడ వాగ్దానము చేసెను. మాట ఘనమే గాని పని అంత సులువుగా సాగలేదు. సహజవాయువు చేతనున్న ఇండోనీషియా ఆచేలోను, మలేషియా బింటులులోను యూరియా కర్మాగారములను నెలకొల్పెను. సింగపూరు డీజిలు ఇంజనుల పథకము సభ్యదేశముల పరిశ్రమలకే పోటీ యగునను అభ్యంతరముతో కుంటుపడెను. థాయిలాండు సోడాయాషు పథకము కాగితము దాటలేదు. ధనము నిచ్చువాడు సిద్ధమై యున్నను, పుచ్చుకొనువారు తమ విపణిని తమవారికి పంచియిచ్చుటకు ఇంకను సంసిద్ధులు కారని ఈ ప్రయత్నము తేటపరచెను.

ప్రభుత్వములు సాధింపలేని ఆ పంపకమును కొంతవరకు సాధించినది జపాను నాణెమైన యెన్ విలువ పెరుగుట. డాలరు విలువను తగ్గించుటకై ప్రధాన పారిశ్రామిక దేశములు 1985 సెప్టెంబరులో చేసికొన్న ప్లాజా ఒప్పందమునకు పూర్వము డాలరునకు సుమారు 240 యెన్‌లుండగా, 1987 చివరికి ఆ సంఖ్య ఇంచుమించు సగమయ్యెను. స్వదేశమున తయారీ భారమైన జపాను సంస్థలు ఆగ్నేయాసియాకు తరలినవి. 1988లో మోటారు కార్ల భాగములను సభ్యదేశములు తక్కువ సుంకముతో ఇచ్చిపుచ్చుకొను పథకము వెలసిన పిదప, టొయోటా డీజిలు ఇంజనులను థాయిలాండునందును, గేరుపెట్టెలను ఫిలిప్పీన్సునందును, స్టీరింగు భాగములను మలేషియాలోను చేయించెను. ఆసియాన్ ఐక్యతను మంత్రులకంటె ఈ కార్ల భాగములే ముందుగా అనుభవమునకు తెచ్చినవనుట అతిశయోక్తి కాదని నా తలంపు.

1997 జులైలో థాయిలాండు నాణెమైన బాత్ కుప్పకూలి ఆర్థిక సంక్షోభము పొరుగునకెల్ల ప్రాకినప్పుడు, జపాను ప్రతిపాదించిన ఆసియా ద్రవ్యనిధి అమెరికా ప్రతిఘటనచే మూలపడెను. 1998లో జపాను ఆర్థికమంత్రి మియజావా పేర 3,000 కోట్ల డాలర్ల సహాయ ప్రణాళిక వెలువడెను. 2000 మే మాసమున చియాంగ్‌మైలో చైనా, దక్షిణ కొరియాలను కూడ కలుపుకొని, విదేశద్రవ్యము కొరవడిన దేశమునకు ఇతరులు చేబదులిచ్చు ఏర్పాటు మొదలయ్యెను. ఇటుపిమ్మట 2008లో సంతకములై అమలులోనికి వచ్చిన జపాను–ఆసియాన్ సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒడంబడిక అనేక వస్తువులపై సుంకములను తగ్గించినను, తన రైతులను కాచుకొనదలచిన జపాను బియ్యమును మాత్రము దాని వెలుపలనే ఉంచెను.