దేవమాన్యము – కౌలు – దైవాధీనమైన పంట



ఆలయశిఖరము అందరికిని కనబడును. ఆ ఆలయమున దీపము వెలిగించిన మాన్యపు పొలము, దానిని దున్నిన కౌలురైతు కనబడరు. ఈ జీర్ణోద్ధరణ శుభవేళ, పంటలోని అనిశ్చితి కౌలు తీరును ఎట్లు మార్చినదో గోదావరి సీమ చరిత్రనుండి విన్నవించుచున్నాను.

కౌలు పద్ధతులు ప్రధానముగా రెండు. పండినదానిని పంచుకొనునది పాలు. పండినను ఎండినను, ముందు నిర్ణయించిన ధాన్యమో రొక్కమో చెల్లించునది మక్తా. పాలులో నష్టము ఇరువురిది; మక్తాలో నష్టమంతయు రైతుదే. కౌటిల్యుని అర్థశాస్త్రమున సీతాధ్యక్ష ప్రకరణములో, విత్తక మిగిలిన రాజభూమిని సగపాలునకు దున్ను అర్ధసీతికుల ప్రస్తావన కలదు. దేహశ్రమయే ఆధారమైనవారికి నాలుగవ లేక ఐదవ వంతు మాత్రమే చెప్పబడినది. పెట్టుబడి పెట్టి నష్టమునకు ఓర్చువానికి వంతు హెచ్చు అను న్యాయము ఇందు గోచరించును.

1832–33 నాటి నందన కరువు గుంటూరు సీమను పాడుపెట్టినది. ఆ కాలమున గోదావరి సీమకును క్షామబాధ తప్పలేదు. నది ప్రక్కనే పారుచున్నను పొలమునకు నీరు నమ్మకము లేదు. అట్టి భూమికి మక్తా ఒప్పుకొనుట రైతునకు ప్రాణగండమే. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట ఈ స్థితిని మార్చినది. కాలువ నీటితో వరిసాగు విస్తరించినది. కాలక్రమమున సార్వాకు తోడు దాళ్వా వచ్చినది. నీరు నిశ్చయమైన కొలది భూమి విలువ, కౌలు రెండును పెరిగినవి. మక్తా మాట చెల్లుబడియైనది.

అయినను దైవాధీనము తొలగలేదు. 1996 నవంబరు తుపాను కోనసీమలో వరిచేలను, కొబ్బరితోటలను నేలమట్టము చేసినది. వరి మరుసటి ఏట మరల పండును. కొబ్బరి మొక్క కాపునకు రావలెనన్న ఏండ్లు పట్టును. ఒక్క రాత్రి నష్టము ఎన్నో ఏండ్ల కౌలును మ్రింగివేయును. 2011 సార్వాలో ఖర్చులు హెచ్చి, గిట్టుబాటు ధర లేక, కోనసీమ రైతులనేకులు పంట విరామము ప్రకటించిరి. నీరున్న భూమియు బీడుపడినది. ఆశకంటె భారము మించినచో నాగలి కదలదు.

దేవుని భూములను బహిరంగవేలమున కౌలుకిచ్చుట వాడుక. పోటీలో మంచి ఏటి పంటను తలచి పాట పెంచినవాడు, చెడ్డ ఏట బకాయిపడును. కౌలు గడువు స్వల్పమైనచో ఎరువు వేయుటకు, గట్టు కట్టుటకు మనసొప్పదు, భూసారము క్షీణించును. హెచ్చు పాట పలికినంత మాత్రమున స్వామికి హెచ్చు ఆదాయము కాదు. పంట పోయిన ఏట కౌలు సడలించి, మంచి రైతును పొలమున నిలుపుకొనుటయే ఆలయమునకు శాశ్వత లాభము.

దాతలారా! మీ ద్రవ్యము గోపురమును నిలిపినది. నిత్యనైవేద్యమును నిలుపువాడు, వానను నమ్మి విత్తు చల్లినవాడు. కుంభాభిషేక సంకల్పమున అతని క్షేమమును కూడ స్మరింపుడు.

శుభం భూయాత్.