కృతజ్ఞతల పేజీలో ఒక వరుస

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1977లో కర్నూలులో పెట్టిన పీజీ సెంటరు, తర్వాత అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కిందికి వెళ్లి, 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయమైంది. కర్నూలులో మొదట్లో చేరిన లెక్చరరు కుర్చీ కదలకుండానే మూడు విశ్వవిద్యాలయాల ఉద్యోగి అయ్యాడన్నమాట! ఆ సెంటరు స్వర్ణోత్సవం దగ్గరపడుతోంది కాబట్టి చరిత్ర రాసేవాళ్లు వీసీల పేర్లు, శంకుస్థాపనల తేదీలు ఎలాగూ వరసపెడతారు. అధ్యాపకుల దగ్గరికొచ్చేసరికి ఎన్ని పేపర్లు అచ్చయ్యాయో చెప్పి ఊరుకుంటారు. గణాంకశాస్త్రం చెప్పేవాళ్ల విషయంలో ఈ లెక్క తప్పుతుందని నా వాదన. ఎందుకంటే వాళ్ల పనిలో పెద్ద భాగం ఇతరుల పేర్ల మీద జమవుతుంది. కామర్సు నుంచో ఎకనామిక్సు నుంచో పరిశోధక విద్యార్థి ప్రశ్నావళుల కట్టతో వచ్చి, కై-స్క్వేర్ పరీక్ష వేసిపెట్టమంటాడు. తీరా చూస్తే శాంపిల్ నలభై మంది, పట్టికలో గడులు పాతిక. ఆ పరీక్ష ఇక్కడ చెల్లదని చెప్పి, గడులు కలిపించి, అవసరమైతే మళ్లీ ఊళ్లకు పంపేది ఈ అధ్యాపకుడే. అందుకు దక్కేది కృతజ్ఞతల పేజీలో ఒక వరుస. 2010లో యూజీసీ తెచ్చిన ఏపీఐ (అధ్యాపకుల పనితీరు సూచిక) మార్కుల్లో సొంత పేపరుకు విలువ ఉండేది గానీ, పక్క శాఖ థీసిస్‌లో తప్పు ఆపినందుకు ఉండేది కాదు.

ఇదంతా పరిశోధన చేయనివాళ్ల సాకు అనేవాళ్లున్నారు. గణాంకవేత్త సి.ఆర్. రావు పాఠాలు చెబుతూనే ప్రపంచస్థాయి ఫలితం సాధించలేదా అంటారు. నిజమే. కలకత్తాలో తరగతిలో దండేకర్ అనే విద్యార్థి అడిగిన ప్రశ్నకు రాత్రికి రాత్రి జవాబు కనుక్కుంటే, అదే 1945 నాటి పేపరులో చేరి క్రామర్-రావు అసమానతగా నిలిచింది. అయితే ఆ ఉదాహరణ నా వైపే మొగ్గుతుంది: అక్కడ ఫలితానికి మూలం పాఠమే. పైగా ఆయన వెనక మహలనోబిస్ స్థాపించిన గణాంక సంస్థ ఉంది, మాట్లాడుకోవడానికి సాటి గణాంకవేత్తలున్నారు. హారం చూడకుండా లవాలను పోల్చకూడదని గణాంకశాస్త్ర శాఖలోనే మొదటి సంవత్సరం నేర్పుతారు. అధ్యాపకులను తూచేటప్పుడు మాత్రం అది ఎవరికీ గుర్తుండదు.

సాయం చేశామని ఎవరైనా చెప్పుకోవచ్చు, రుజువేది అన్న అభ్యంతరం ఇంతకంటే గట్టిది. దానికి దారి ఉంది. లైబ్రరీలోని థీసిస్‌లలో దశాబ్దానికి కొన్ని చొప్పున లాటరీ పద్ధతిలో తీసి, కృతజ్ఞతల పేజీలు చదివి, లోపలి పట్టికలు సరిచూడాలి. పని ఒక వేసవి సెలవుల్లో తేలుతుంది. స్వర్ణోత్సవ ప్రత్యేక సంచిక అచ్చుకు వెళ్లేలోపు మొదలుపెడితే చాలు.