బాలల మనసెరిగిన వైద్యులు

రాజాము పేరు వినగానే తెలుగువారికి తాండ్ర పాపారాయుడు జ్ఞప్తికి వచ్చును. 1757 జనవరి 24వ తేదీన బుస్సీ సేనలును, విజయనగర ప్రభువు విజయరామరాజు బలములును బొబ్బిలి కోటపై విరుచుకుపడిన నాడు పాపారాయుడు రాజాములో ఉండెను. అతడు వార్త తెలిసి వచ్చుసరికి కోటలో కావలసినదంతయు అయిపోయినది. తరువాతి కథ బుర్రకథలవారి నోట మనము వినుచునే ఉన్నాము. విజయరామరాజు గుడారములో పాపారాయుడు తీర్చుకొన్న పగతో ఆ కథ ముగియును.

కాని ఆ కోటలో నుండి ప్రాణములతో బయటపడిన పసివాడొకడు కలడు. స్త్రీలను, బిడ్డలను శత్రువుల చేతికి చిక్కనీయరాదని కోటవారే హతమార్చుచుండగా, ఒక వృద్ధుడు రంగారావు కుమారుని తప్పించి, లా అను ఫ్రెంచి అధికారి కడకు చేర్చెనని చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ వ్రాసెను. ఆ బాలుడే చిన్న రంగారావు. పిమ్మట అతడు విజయనగరములో బందీయై, తప్పించుకొని నైజాము సీమకు పోయి, 1794లో పద్మనాభ యుద్ధము జరిగిన తరువాత తండ్రి సంస్థానమును మరల పొందెను. గ్రంథములు ఇంతవరకు చెప్పును. ఆ దినమున చూచినది ఆ పసివాని నిద్రలో ఎన్నేండ్లు మెదలెనో, దానిని అతడు ఎవరితో చెప్పుకొనెనో ఎవరును వ్రాయలేదు. అది ఆ కాలపువారి లోపమని మేము అనము. పసివాని మనసునకును గాయము తగులుననియు, దానిని తెలిసికొనుటకు ఒక విద్య కలదనియు లోకము గుర్తించుటకు మరి నూటయేబది ఏండ్లు పట్టెను. ఆ విద్య ఎట్లు పుట్టినది, వైద్యులు దానిని ఎట్లు నేర్చుచున్నారు, రాజాము వంటి ఊరికి అది ఎంత దూరములో ఉన్నది అను సంగతులను ఇచట ముచ్చటింపదలచితిమి.

ఈ విద్య పిచ్చాసుపత్రులలో పుట్టలేదన్నది మొదట గమనింపదగిన విషయము. మదరాసు రాజధానిలో 1871 ప్రాంతమున మదరాసు, వాల్తేరు, కాలికట్టులలో అట్టి ఆసుపత్రులు వెలసినవి. వాల్తేరులోనిది మన ఉత్తరాంధ్రమునకు చిరకాలము దిక్కై, నేడును విశాఖపట్టణములో ప్రభుత్వ మానసిక చికిత్సాలయముగా పనిచేయుచున్నది. ఆ కాలపు ఆసుపత్రులను కట్టినవారు పెద్దలను దృష్టిలో ఉంచుకొనిరి. అంతకంటె ఎక్కువగా ప్రహరీగోడను దృష్టిలో ఉంచుకొనిరి. బాలుడు ఆ లెక్కలో లేడు.

బాలల మనోవైద్యమునకు పురుడు పోసినది న్యాయస్థానము. 1899లో అమెరికాలోని చికాగో నగరమున బాలల కొరకు ప్రత్యేకముగా ఒక న్యాయస్థానము ఏర్పడెను. దొంగతనము చేసిన పదేండ్ల పిల్లవానిని ఎదుట నిలిపినపుడు, వీడు ఈ పని ఎందుకు చేసెనను ప్రశ్నకు సమాధానము చెప్పగలవాడు న్యాయమూర్తికి కావలసి వచ్చెను. 1909లో విలియం హీలీ అను వైద్యుడు ఆ పనికి పూనుకొనెను. ఆయనకు ఈ శాస్త్రములో గురువు లేడు, పాఠ్యగ్రంథము లేదు. ఒక్కొక్క బాలుని దేహమును, బుద్ధిని, ఇంటి పరిస్థితులను వేరువేరుగా పరిశీలించి వ్రాసికొనుటయే ఆయన పద్ధతి. వైద్యుడు, మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఇంటికి పోయి విచారించి వచ్చు సంఘసేవకురాలు, ఈ ముగ్గురును ఒక బల్ల చుట్టు కూర్చుండి ఒక బిడ్డను గూర్చి ఆలోచించు ఆచారము ఇట్టి ప్రయత్నముల నుండియే స్థిరపడినది. నేటికిని ఈ చదువునకు వెన్నెముక ఇదియే.

తరువాత ఆసుపత్రుల వంతు వచ్చినది. 1930లో లియో కానర్ అను వైద్యుడు బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, పసిపిల్లల వైద్యశాలలోనే, మనోవైద్య విభాగమును తెరచెను. 1935లో ఆయన వ్రాసిన గ్రంథము ఆంగ్లమున ఈ శాస్త్రమునకు మొదటి పాఠ్యపుస్తకమైనది. 1943లో ఆయన 11 మంది పిల్లలను వర్ణించుచు ఒక వ్యాసము ప్రకటించెను. నేడు ఆటిజము అని అందరము అనుచున్న స్థితికి అది తొలి స్పష్టమైన చిత్రము. ఆ పదకొండుగురిలో మొదటి బాలుని తండ్రి, బిడ్డను తీసికొనివచ్చుటకు ముందే, వాని నడవడినంతటిని 33 పుటల ఉత్తరముగా వ్రాసి పంపెను. కానర్ దృష్టిని నిలిపినది ఆ ఉత్తరమే. శాస్త్రము ఒక తండ్రి లేఖతో ముందడుగు వేసినదన్న సంగతి వైద్యులకంటె తలిదండ్రులు ఎక్కువగా గుర్తుంచుకొనవలెనని మాకు తోచును. అమెరికాలో బాల మనోవైద్యులకు వేరుగ పరీక్ష పెట్టి యోగ్యతాపత్రములిచ్చుట 1959లో మొదలైనది.

మన దేశములో మొదటి బాల మార్గదర్శక కేంద్రము 1937లో బొంబాయిలో వెలసినది. దానిని నెలకొల్పినది వైద్య కళాశాల కాదు, దొరాబ్జీ టాటా పేరిట ఏర్పడిన సంఘసేవా విద్యాలయము. వైద్యుల శిక్షణ అంతకంటె వెనుక వచ్చినది. 1946లో భోర్ సంఘము తన నివేదికలో, అవిభక్త భారతమునకంతటికి మానసిక చికిత్సాలయములలో ఉన్న పడకలు పదివేలకు కొద్దిగా మాత్రమే మించినవని తేల్చి, ముందుగా శిక్షణ ఇచ్చు సంస్థ కావలెనని చెప్పెను. ఆ ఫలముగా 1954లో బెంగుళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడెను. డాక్టరు ఎం.వి. గోవిందస్వామి దానికి తొలి సారథి. అచటి డిప్లమా చదువులే చాలకాలము దక్షిణాదివారికి దారి చూపినవి. 1974లో ఆ సంస్థయే నిమ్హాన్స్ అయినది. ఆ చదువులలో పిల్లల పాఠము ఒక భాగమే గాని, వేరొక చదువు కాలేదు. బాల కౌమార మనోవైద్యమున డి.ఎం. అను ఉన్నతోన్నత పట్టము బెంగుళూరులో 2010 తరువాతనే వచ్చినది. చండీగఢములోని సంస్థ మొదలైన కొన్ని చోట్ల కూడ నేడు ఆ చదువు కలదు.

ఈ చదువు ఎంత దీర్ఘమో లెక్కింతము. ఎం.బి.బి.ఎస్. ఐదున్నర ఏండ్లు, మనోవైద్యములో ఎం.డి. మూడేండ్లు, ఆపైన డి.ఎం. మూడేండ్లు, వెరసి పదకొండున్నర ఏండ్లు. ఇంటరు ముగించి పదునెనిమిదవ ఏట కళాశాలలో చేరినవాడు, ఎక్కడను ఆగకున్నను, ముప్పదవ ఏటికి గాని బయటికి రాడు.

ఈ చివరి మూడేండ్లలో వైద్యుడు నేర్చునది పెద్దల వైద్యమునకు అనుబంధమని కొందరు తలతురు. అది సరిగాదు. పెద్దవాడు తన బాధను తానే చెప్పుకొనును. బాలుని బాధ ఆటలోను, అలకలోను, అన్నము తినకపోవుటలోను, పక్క తడుపుటలోను బయటపడును. నేల మీద కూర్చుండి నాలుగేండ్ల బిడ్డతో బొమ్మలాడుచు ఆ ఆటను గమనించుట ఈ వైద్యునికి నాడి చూచుట వంటిది. ఏ వయస్సున ఏది సహజమో తెలియనిదే ఏది జబ్బో తెలియదు. రెండేండ్లవాని మొండితనము ఎదుగుదల. అదే పదేండ్లవానియందు కనబడినచో విచారింపవలసియుండును. చదువురాని పిల్లవానికి బుద్ధి తక్కువో, చెవి వినబడదో, అక్షరములు కలగాపులగముగ కనబడునో, ఇంటిలో తండ్రి తాగుడో తేల్చుటకు బడికి పోవలెను, పంతులుగారితో మాటలాడవలెను. మందుచీటి వ్రాయుట ఈ పనిలో మిక్కిలి చిన్న భాగము.

తలిదండ్రులను బయట నిలిపి బిడ్డకు వైద్యము చేయుట కుదరదు. ఈ విషయమున మన దేశము ఎవరికిని తీసిపోలేదు. అమృతసరములో డాక్టరు విద్యాసాగర్ 1950వ దశాబ్దిలోనే రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలో గుడారములు వేయించి నిలిపెను. బంధువులను ఆమడ దూరమున ఉంచు ఆనాటి పాశ్చాత్య ఆసుపత్రులకు అది వింతగా తోచియుండును. మన తల్లులకు అందులో వింత ఏమున్నది? బిడ్డ ఆసుపత్రిలో ఉన్నచో తల్లి మంచము కింద చాప పరచుకొనును. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము, బాలలను పెద్దల నుండి వేరుగా ఉంచవలెననియు, వారి పక్షమువా రొకరు తోడుగా ఉండవలెననియు నిర్దేశించినది.

ఇక భాష. బెంగుళూరులో శిక్షణ పొందు వైద్యుడు కన్నడము, తమిళము, తెలుగు, హిందీ మాటలాడు బిడ్డలను ఒకే ఉదయమున చూడవలసి వచ్చును. పెద్దలకు దుబాసి చాలును. అయిదేండ్ల బిడ్డకు దుబాసి పనికిరాడు. తెలుగు వచ్చినంత మాత్రమున చాలదని కూడ చెప్పవలెను. "గుంటడు జడుసుకున్నాడు" అని రాజాము తల్లి అన్నపుడు, ఆ ఒక్క మాటలో జ్వరము, నిద్రలో కేకలు, దిష్టి, తాయెత్తు అన్నియు ఇమిడియుండును. ఆ మాటను మూఢనమ్మకమని కొట్టివేయు వైద్యునికి, ఎప్పుడు జడుసుకొనెను, ఏమి చూచి జడుసుకొనెను అని అడుగు అవకాశము జారిపోవును. ఈ సీమవాడే అయిన గిడుగు రామమూర్తిగారు సవర బిడ్డలకు చదువు చెప్పుటకై ముందు తాము సవరభాష నేర్చుకొనిరి. మా ఎరుకలో వైద్య విద్యార్థులకు ఇంతకు మించిన ఆదర్శము లేదు.

అవసరమెంత ఉన్నదని అడుగువారికి ఒక లెక్క. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య పరిశీలన, 13 నుండి 17 ఏండ్లలోపువారిలో నూటికి 7.3 వంతుల మందికి ఏదో ఒక మానసిక రుగ్మత కలదని తేల్చినది. ఆ పరిశీలన 12 రాష్ట్రములలో జరిగినది. వానిలో ఆంధ్రప్రదేశముగాని తెలంగాణముగాని లేదు. మన బిడ్డల లెక్క మనకు పొరుగువారి లెక్కను బట్టి ఊహించుకొనునదియే.

రాజాము నేడు జూటు మిల్లుల పట్టణము, ఇంజనీరింగు కళాశాల గల పట్టణము. 2022 నుండి విజయనగరము జిల్లాలోనిది. చుట్టుపట్ల గ్రామముల నుండి తలిదండ్రులు పనులకై హైదరాబాదుకు, చెన్నపట్టణమునకు వలసపోగా, అమ్మమ్మల చేతిలో పెరుగు బిడ్డలు పెక్కుమంది. వైద్య కళాశాలలు దగ్గరకు వచ్చినవి: 1923లో విశాఖలో పుట్టిన ఆంధ్ర వైద్య కళాశాల తరువాత, 2008లో శ్రీకాకుళమునకు, 2023లో విజయనగరమునకు ప్రభుత్వ కళాశాలలు లభించినవి. అచట చదువుకొనువారిలో ఒకరిద్దరైనను ఈ పదకొండున్నర ఏండ్ల బాట పట్టి, బెంగుళూరులోనే నిలిచిపోక, తిరిగి వచ్చినగాని దూరము తరుగదు. తిరిగి వచ్చినవానికి వేరుగ ఒక విభాగము, జీతము, తోడు పనివారు ఉండవలెను. పట్టము ఇచ్చి పంపి, పెద్దల ఓ.పి.లో కూర్చుండబెట్టుట వలన ప్రయోజనము లేదు.

అంతవరకు ఇంటివారు చేయదగినవి కొన్ని కలవు. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. 2013లో ఆరంభమైన బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్వాడీలలోను, బడులలోను పిల్లలను పరీక్షించి, ఎదుగుదలలో లోపము కనబడినవారిని జిల్లా కేంద్రమునకు పంపు ఏర్పాటు కలదు. వైద్యుని చూడ పోవునపుడు బిడ్డ మెడ నిలిపినది ఎన్నవ నెలలో, అడుగు వేసినది ఎప్పుడు, మొదట పలికిన మాట ఏది, జ్వరములో ఫిట్సు వచ్చినవా, బడిలో వెనుకబడినది ఏ తరగతి నుండి, ఆ యేట ఇంటిలో ఏమి జరిగినది అను సంగతులను ఒక కాగితము మీద వ్రాసికొని పోవలెను. తల్లి వలస పోయియున్నచో, బిడ్డను సాకుచున్న అమ్మమ్మను వెంట తీసికొని పోవలెను.