న్యూయార్క్ బిస్కెట్ ఫ్యాక్టరీలో టాకో, శ్రీ సిటీలో మా అమ్మమ్మ చేను

ఈ ఎపిసోడ్‌లో న్యూయార్క్ తిరుగుదాం, కడుపునిండా తిందాం. కానీ స్టాట్యూ ఆఫ్ లిబర్టీ దగ్గరికి పోవట్లేదు. ఒక పాత బిస్కెట్ ఫ్యాక్టరీకి పోతున్నాం. నేను శ్రీ సిటీ పక్క ఊరివాణ్ణి కదా, ఫ్యాక్టరీ అంటే నా కళ్లు అటే పోతాయి.

ఆఫీసు పనిమీద న్యూజెర్సీ వెళ్లినప్పుడు ఒక ఆదివారం ఖాళీ దొరికింది. హొబోకెన్ అనే ఊర్లో ట్రైన్ ఎక్కితే, హడ్సన్ నది కిందనుంచి పోయి కాసేపట్లో న్యూయార్క్‌లో దిగొచ్చు. 14వ వీధి స్టేషన్‌లో దిగి పడమటి వైపు నడిచాను. 9వ అవెన్యూలో ఎర్ర ఇటుకల భవనం ఒకటి వస్తుంది, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా. అదే చెల్సీ మార్కెట్.

లోపలంతా తిండే. చేపలు, రొయ్యలు, బ్రెడ్, నూడుల్స్, ఐస్‌క్రీమ్. టాకోల దగ్గర పెద్ద క్యూ. నేనూ నిలబడ్డాను. టాకో అంటే మెక్సికో వాళ్ల తిండి. చిన్న మొక్కజొన్న రొట్టె, అందులో కాల్చిన మాంసం, పైన ఎర్రగడ్డలు, కొత్తిమీర, నిమ్మకాయ. రుచి మనకు కొత్తగా ఏం అనిపించదు. ధర మాత్రం గుండె పట్టుకునేలా ఉంది. ఆ డబ్బుతో సత్యవేడులో ఇద్దరం బిర్యానీ తినొచ్చు!

తింటూ గోడలు చూశాను. పెచ్చులూడిన ఇటుకలు, తుప్పు పట్టిన పైపులు. ఇదేదో డెకరేషన్ అనుకున్నా. కాదు, నిజంగానే ఫ్యాక్టరీ. 1890లలో కట్టడం మొదలుపెట్టారు. 1898లో చాలా బేకరీ కంపెనీలు కలిసి నేషనల్ బిస్కెట్ కంపెనీ అయ్యాయి, అదే నబిస్కో. 1912లో ఇక్కడే ఓరియో బిస్కెట్ పుట్టింది. మొదట కొన్నది ఎవరో తెలుసా? నేను ట్రైన్ ఎక్కిన హొబోకెన్‌లోనే ఒక కిరాణా కొట్టు ఆయన.

ఇక్కడ ఇంకో కథ ఉంది. అప్పట్లో పక్కనున్న 10వ అవెన్యూలో గూడ్స్ రైళ్లు రోడ్డు మీదే నడిచేవి. జనం వాటి కింద పడి చచ్చిపోయేవాళ్లు. ఆ రోడ్డుకు ‘డెత్ అవెన్యూ’ అని పేరు పడిపోయింది. రైలు ముందు ఒక మనిషిని గుర్రం మీద పంపేవాళ్లు, జెండా ఊపుతూ, తప్పుకోండి తప్పుకోండి అని. 1934లో రైలు పట్టాలను పైకెత్తి వంతెన మీద వేశారు. ఆ రైలు నేరుగా ఈ భవనంలోకే దూరేది. 1980లో చివరి రైలు నడిచింది. 2009లో ఆ వంతెన మీదే హై లైన్ అనే పార్కు తెరిచారు. ఇప్పుడు టూరిస్టులు అక్కడ సెల్ఫీలు దిగుతున్నారు. నేనూ దిగాను.

మరి ఫ్యాక్టరీ ఏమైంది? 1958లో నబిస్కో న్యూజెర్సీకి వెళ్లిపోయింది. సుమారు 40 ఏళ్ల తర్వాత, 1990లలో, ఇది తిండి మార్కెట్ అయింది. 2018లో గూగుల్ ఈ భవనాన్ని 240 కోట్ల డాలర్లకు కొన్నది. పక్క వీధికి ‘ఓరియో వే’ అని బోర్డు కూడా ఉంది. బిస్కెట్ పేరు వీధికి ఉంది. ఆ బిస్కెట్లు కాల్చిన వాళ్ల పేర్లు మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు.

ఇప్పుడు మన ఊరికి రండి. ఓరియో బ్రాండ్ ఇవాళ మాండెలీజ్ కంపెనీది. అదే కంపెనీ 2016లో మన శ్రీ సిటీలో చాక్లెట్ ఫ్యాక్టరీ తెరిచింది. మీరు తినే క్యాడ్‌బరీ మన పక్కనే తయారై ఉండొచ్చు. 2015లో షావోమీ ఇండియాలో తయారుచేయించిన మొదటి ఫోన్లు శ్రీ సిటీలోవే. కెనడాలోని మాంట్రియల్‌లో 2023లో మొదలైన మెట్రో రైళ్లు కూడా ఇక్కడ తయారైనవే. అక్కడికి పోయిన టూరిస్టుకు ఈ సంగతి తెలుస్తుందా? నాకు చెల్సీలో ఎంత తెలిసిందో, వాళ్లకూ అంతే.

శ్రీ సిటీ 2008లో మొదలైంది. అప్పుడు ఇది చిత్తూరు, నెల్లూరు జిల్లాల సరిహద్దు. ఇప్పుడు తిరుపతి జిల్లా. దానికి ముందు ఇక్కడ ఏముండేది? మా అమ్మమ్మను అడిగితే చెయ్యెత్తి చూపిస్తుంది. “అదో, ఆ గోడ కాడ మా చేను రా అబ్బోడా. చెనిక్కాయలు ఏసేవాళ్లం.” ఇప్పుడు ఆ గోడ లోపల మా పిన్ని నైట్ షిఫ్ట్ చేస్తుంది. ఆ జీతంతోనే నా తమ్ముడు ఇంజనీరింగ్ చదివాడు. చేను పోయిందని అమ్మమ్మకు దిగులు, జీతం వచ్చిందని పిన్నికి ధైర్యం. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. ఇద్దరి మాటా నిజమే.

న్యూయార్క్‌లో బిస్కెట్ల పని 60 ఏళ్లు నడిచి ఆగిపోయింది. శ్రీ సిటీకి ఇంకా 20 ఏళ్లు కూడా నిండలేదు. చేను దున్నిన వాళ్లు, మొదటి రోజు షిఫ్ట్‌కు పోయిన వాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. అడిగితే చెప్తారు. న్యూయార్క్‌కు ఆ అవకాశం ఎప్పుడో పోయింది, మనకు ఇంకా ఉంది.

న్యూయార్క్ నుంచి రాగానే నేను అమ్మమ్మను గోడ దగ్గర కూర్చోబెట్టి ఫోన్‌లో 40 నిమిషాలు రికార్డు చేశాను. చెరువు పేరు, చేను పేరు, ఎవరెవరు కూలికి వచ్చేవాళ్లు, అన్నీ చెప్పింది. పోయిన వారం పిన్నిది కూడా తీశాను, మొదటి జీతం ఎంతో, దాంతో ఏం కొనిందో. మీ చేతిలోనూ ఫోన్ ఉంది. ఈ ఆదివారం మీ ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టండి. ఊరు పేరు, తేదీ ముందు చెప్పి రికార్డు మొదలుపెట్టండి, మర్చిపోవద్దు.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.