మంచం దిగిన క్షయవైద్యం

చరక సంహితలో క్షయకు ఒక శాపకథ ఉంది. భార్యల్లో రోహిణిని తప్ప ఎవరినీ పట్టించుకోని చంద్రుడు మామగారి ఆగ్రహానికి గురై చిక్కి శల్యమయ్యాడట. అశ్వినీ దేవతలు వచ్చి నయం చేశారు. మనుషులకు మాత్రం ఆ భాగ్యం దక్కడానికి 20వ శతాబ్దం సగం గడవాల్సి వచ్చింది.

విచిత్రమేమిటంటే, జబ్బును పట్టుకోవడం అంతకు చాలా ముందే వచ్చింది. 1816లో పారిస్‌లోని నెకెర్ ఆసుపత్రిలో లెన్నెక్ అనే వైద్యుడు ఒక యువతి ఛాతీకి చెవి ఆనించడానికి మొహమాటపడి, కాగితాలు గొట్టంలా చుట్టి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు పుట్టుక అదే. బతికుండగా విన్న శబ్దాన్ని, చనిపోయాక ఊపిరితిత్తుల్లో కనిపించిన గాయంతో పోల్చి చూడటం ఆయన అసలు గొప్పతనం. పదేళ్లకే క్షయతోనే పోయాడు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో వైద్యుడు కోఖ్ ఈ జబ్బు తెచ్చే క్రిమిని చూపించాడు. 1895లో ఎక్స్‌రే వచ్చింది. ‘నీకు టీబీ ఉంది’ అని డాక్టరు ధీమాగా చెప్పగలిగేవాడు. ఆ తర్వాత ఏం చెయ్యాలో చెప్పలేకపోయేవాడు.

ఆ ఖాళీని శానిటోరియంలు నింపాయి. జర్మన్ వైద్యుడు బ్రెమర్ గోర్బర్స్‌డార్ఫ్‌లో మొదలుపెట్టిన పద్ధతి స్విట్జర్లాండ్ కొండల మీదుగా మన దాకా వచ్చింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో పెద్ద శానిటోరియం నడిచింది. వికారాబాద్ అనంతగిరి కొండల మీద కూడా ఒకటి వెలిసింది. ఇలాంటి చోట్ల వైద్యమంటే పూట పూటకీ జ్వరం చూడటం, వరండాలో మంచాల మీద గంటలు గంటలు పడుకోబెట్టడం, పాలు, గుడ్లు. ఛాతీలోకి సూదితో గాలి ఎక్కించి ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేసేవారు. ఆ గాలి ఇంకిపోతుంది కనుక మళ్లీ మళ్లీ ఎక్కించాలి. కొందరికి పక్కటెముకలే తీసేసేవారు. నెలల తరబడి పడుకోగల తీరిక ఏ కూలివాడికి ఉంటుంది?

మందులు 1940ల్లో మొదలయ్యాయి. 1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికింది, కానీ ఒంటరిగా వాడితే క్రిమి దానికి అలవాటు పడిపోయింది. అందుకే పాస్ అనే మందు జత చేశారు. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. దాన్ని ప్రాగ్‌లో 1912లోనే తయారు చేశారు; క్షయకు పనికొస్తుందని తెలియక నలభై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు! పైగా అది చవక.

ఇక అసలు మలుపు మద్రాసులో. 1956లో అక్కడ క్షయ చికిత్సా కేంద్రం వెలిసింది. బ్రిటిష్ వైద్యుడు వాలెస్ ఫాక్స్ నేతృత్వంలో నగరంలోని పేద రోగులను లాటరీ తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు శానిటోరియంలో మంచం, విశ్రాంతి, మంచి తిండి. ఇంకో జట్టు ఇరుకు ఇళ్లలో, ఉన్న తిండే తింటూ గడిపింది. రెండు జట్లకూ అవే మందులు, ఏడాదిపాటు: ఐసోనియాజిడ్, పాస్. పాస్ మింగడం తేలిక కాదు, రోజుకు గ్రాముల లెక్కన పడేది, కడుపులో తిప్పేది. అందుకే చెప్పాపెట్టకుండా ఇళ్లకెళ్లి మాత్రలు లెక్కపెట్టేవారు, మూత్రం పరీక్షించేవారు. 1959లో ఫలితాలు వచ్చాయి: నయమైన వాళ్ల సంఖ్యలో పెద్ద తేడా లేదు. ఇంట్లోవాళ్లకు అంటుకోవడంలోనూ తేడా రాలేదు. నా దృష్టిలో వైద్య చరిత్రలో ఇంత చవగ్గా ఇంత మేలు చేసిన ప్రయోగాలు తక్కువ. ప్రపంచమంతటా శానిటోరియంలు మూతపడటానికి ఇదొక ముఖ్య కారణం.

మంచం సమస్య తీరింది గానీ మింగే సమస్య మిగిలింది. ఒంట్లో కాస్త బాగయ్యేసరికి మాత్రలు మానేసేవారు. ఎదురుగా కూర్చోబెట్టి మింగించే పద్ధతినీ 1960ల్లో మద్రాసే పరీక్షించి చూసింది. డాట్స్ అనే చికిత్సా విధానానికి అదే మూలం. రిఫాంపిసిన్ రాకతో ఏడాది, ఏడాదిన్నర వైద్యం ఆరు నెలలకు తగ్గింది. ఇప్పుడు గళ్ల పరీక్షలో క్రిమి ఉందా, రిఫాంపిసిన్‌కు లొంగుతుందా అన్నది యంత్రం రెండు గంటల్లో చెబుతోంది.

మద్రాసు కేంద్రమే ఇప్పటి జాతీయ క్షయ పరిశోధనా సంస్థ. జార్ఖండ్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో ఈ సంస్థ పాలుపంచుకుంది. రోగి ఇంట్లోవాళ్లకు తలా నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇస్తే వాళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గిందని 2023లో తేలింది. నయం కావడానికి మందు చాలని నిరూపించిన సంస్థే, రాకుండా ఉండటానికి తిండి కావాలని లెక్కకట్టడంలోనూ భాగమైంది.