త్వచం నుంచి రైబోసోమ్ దాకా: సూక్ష్మజీవనాశక పెప్టైడ్ల లక్ష్యాన్వేషణ చరిత్ర

ఆబోతు వీర్యద్రవంలో బాక్టీరియాను నిరోధించే ఒక చిన్న ప్రోటీన్ ఉందని 1979లో ‘నేచర్’ పత్రికలో ఇ.ఎస్.పి. రెడ్డి, పి.ఎం. భార్గవ ప్రకటించారు. హైదరాబాదులో జరిగిన ఈ పరిశోధనలో ఆ ప్రోటీన్‌కు ‘సెమినల్‌ప్లాస్మిన్’ అని పేరు పెట్టారు. ఇ. కోలై కణంలో అది రైబోసోమల్ ఆర్.ఎన్.ఎ. తయారీని ప్రత్యేకంగా ఆపివేస్తుందని వారి ప్రతిపాదన. రైబోసోమ్ శరీరంలో ఎక్కువ భాగం ఆ ఆర్.ఎన్.ఎ.యే. అది లేనిదే కొత్త రైబోసోములు లేవు. రైబోసోములు లేనిదే ప్రోటీన్ సంశ్లేషణ లేదు. అదే ఏడాది కె.హెచ్. షైట్‌తో కలిసి ప్రకటించిన మరో వ్యాసంలో వీరు ఆర్.ఎన్.ఎ. పాలిమరేజ్‌ను ఈ ప్రోటీన్ నిరోధిస్తుందని చూపారు.

ఈ ఘట్టాన్ని ‘మనవాళ్లు ముందే చెప్పారు’ అన్న ధోరణిలో చదవడం సులభం, కాని సరికాదు. సెమినల్‌ప్లాస్మిన్ రైబోసోమ్‌ను నేరుగా పట్టుకుంటుందని ఆ వ్యాసాలు చెప్పలేదు. పైగా దశాబ్దం తిరగగానే హైదరాబాదు సి.సి.ఎం.బి.లోనే ఎన్. సీతారాం, ఆర్. నాగరాజ్ ఈ కథను వేరొక దిశకు తిప్పారు. 47 అమైనో ఆమ్లాల ఈ పెప్టైడ్‌లో నీటికి దూరంగా ఉండే 13 ఆమ్లాల భాగాన్ని మాత్రమే కృత్రిమంగా తయారుచేస్తే అదీ బాక్టీరియాను నిరోధించింది, ఎర్ర రక్తకణాలను సైతం ఛేదించింది. అంటే దృష్టి కణాంతర్భాగం నుంచి కణత్వచానికి మళ్లింది.

అది ఆనాటి శాస్త్రలోకపు సాధారణ దృష్టి కూడా. స్వీడన్‌లో హన్స్ బోమన్ బృందం సెక్రోపియా పట్టుచిలుక ప్యూపాల నుంచి 1980 ప్రాంతంలో సెక్రోపిన్లను వేరుచేసింది. 1987లో మైకేల్ జాస్లాఫ్ కప్ప చర్మంలో మాగైనిన్లను గుర్తించాడు. ధనావేశం గల ఈ పెప్టైడ్లు రుణావేశం గల బాక్టీరియా త్వచానికి అంటుకొని దానికి తూట్లు పొడుస్తాయి. ఈ అభిప్రాయాన్ని స్థిరపరచిన ప్రయోగం 1990లో జరిగింది. ప్రకృతిలోని ఎల్-అమైనో ఆమ్లాలకు బదులు వాటి దర్పణ ప్రతిబింబాలైన డి-అమైనో ఆమ్లాలతో ఇవే పెప్టైడ్లను తయారుచేశారు. ఎడమకాలి చెప్పు కుడికాలికి పట్టనట్లే, పెప్టైడ్ ఏదైనా ప్రోటీన్‌ను గ్రాహకంగా పట్టుకొని పనిచేసేదైతే దాని ప్రతిబింబం నిష్ఫలం కావాలి. కాలేదు. రెండు రూపాలూ సమానంగా పనిచేశాయి. గ్రాహకం అవసరం లేదు, త్వచం చాలు అన్న నిర్ణయం వెలువడింది. సెక్రోపిన్‌కు, మాగైనిన్‌కు ఆ నిర్ణయం న్యాయమైనదే. దాన్ని పెప్టైడ్లన్నిటికీ వర్తింపజేయడంతోనే చిక్కు వచ్చింది.

ఆ చిక్కును బయటపెట్టినవి ప్రోలిన్ అధికంగా గల పెప్టైడ్లు. 1989లో తేనెటీగ నుంచి 18 అమైనో ఆమ్లాల అపిడేసిన్లు, అదే ఏడాది ఆవుజాతి తెల్ల రక్తకణాల నుంచి బాక్టెనెసిన్లు బయటపడ్డాయి. పంది పేగులో దొరికిన పీఆర్-39ను 1993లో పరిశీలించినవారిలో బోమన్ కూడా ఉండడం గమనించదగినది. ఈ పెప్టైడ్ కణాన్ని పగలగొట్టలేదు. సుమారు 8 నిమిషాల విరామం తరువాత ప్రోటీన్, డి.ఎన్.ఎ. సంశ్లేషణలు ఆగిపోయాయి. మరుసటి సంవత్సరం కాస్టీల్స్, టెంప్స్ట్ అపిడేసిన్‌కు దర్పణ పరీక్ష పెట్టారు. ఈసారి ప్రతిబింబం పనిచేయలేదు! 1999లో ఇదే వర్గపు పరిశోధకులు మరో అడుగు ముందుకు వేశారు: అపిడేసిన్‌ను ఏదో రవాణా ప్రోటీన్ లోపలికి చేరవేస్తుందనీ, చివరి లక్ష్యం బహుశా ప్రోటీన్ సంశ్లేషణ యంత్రాంగంలోనే ఉందనీ ఊహించారు.

నా దృష్టిలో ఈ చరిత్రలో కీలకమైన మలుపు ఇక్కడే ఉంది. సరైన సమాధానం దాదాపుగా కాగితం మీదకు వచ్చిన మరుసటి ఏడాదే అది పక్కకు తొలగిపోయింది. 2000లో లాస్లో ఓట్వోస్ బృందం పిరోకోరిసిన్ మొదలైన కీటక పెప్టైడ్లు డిఎన్‌ఎకె అనే ప్రోటీన్‌కు అంటుకుంటాయని చూపింది. ఇతర ప్రోటీన్లు సక్రమంగా ముడుచుకోవడానికి తోడ్పడే సహాయక ప్రోటీన్ ఇది. అంటుకోవడం నిజమే, ఎవరూ కాదనలేదు. అయితే ముడుచుకోని గొలుసు ముక్కలను పట్టుకోవడమే డిఎన్‌ఎకె నిత్యకృత్యం. దానికి ఒక చిన్న పెప్టైడ్ దొరికితే పట్టుకోవడంలో వింత లేదు. పట్టుకున్నదల్లా ప్రాణం తీసే చోటు కానక్కరలేదు. డిఎన్‌ఎకె జన్యువును తొలగించినా బాక్టీరియా ఈ పెప్టైడ్లకు లొంగుతూనే ఉందన్న ఫలితాలు వచ్చేదాకా ఆ భేదం పట్టించుకోబడలేదు. ఇంతలో ట్రియెస్టే బృందం 2007లో ఎస్‌బిఎంఎ అనే రవాణా ప్రోటీన్‌ను గుర్తించింది. అది లోపించిన బాక్టీరియా ఈ పెప్టైడ్లను ఎక్కువగా తట్టుకుంటుంది. 1999 నాటి ఊహలో మొదటి సగం అలా నిలబడింది.

రెండవ సగానికి 2014 దాకా ఆగవలసివచ్చింది. ఆ ఏడాది లైప్‌జిగ్ పరిశోధకులు కీటక పెప్టైడ్ల విషయంలోనూ, ట్రియెస్టే పరిశోధకులు బాక్టెనెసిన్-7 విషయంలోనూ లక్ష్యం రైబోసోమేనని నిరూపించారు. మరుసటి ఏడాది రెండు బృందాలు వేర్వేరుగా ఆంకోసిన్ వర్గపు పెప్టైడ్‌ను రైబోసోమ్‌లో ఉండగానే ఎక్స్-కిరణాలతో చిత్రించాయి. కొత్తగా పుట్టే ప్రోటీన్ గొలుసు బయటికి రావలసిన సొరంగంలో ఈ పెప్టైడ్ తలకిందులుగా, అంటే గొలుసు దిశకు వ్యతిరేకంగా దూరి ఉంది. దాని ఒక కొస అమైనో ఆమ్లాలను అతికే కేంద్రం దాకా చేరి, తరువాతి టి.ఆర్.ఎన్.ఎ. కూర్చోవలసిన స్థానాన్ని ఆక్రమించింది. కనుక సంశ్లేషణ ప్రారంభమవుతుంది గాని పొడిగింపు దశలోకి అడుగుపెట్టలేదు.

అపిడేసిన్ పద్ధతి మరింత విచిత్రం. దాని రూపాంతరమైన ఏపీఐ-137 గొలుసు తయారీకి అడ్డుపడదు. తయారీ పూర్తయి గొలుసు విడివడిన తరువాత, ఆ పని చేసిన విమోచన కారకాన్ని రైబోసోమ్ మీదనే బంధించివేస్తుందని 2017లో తేలింది. కణంలో రైబోసోముల కంటే విమోచన కారకాలు ఎంతో తక్కువ. కొన్ని చిక్కుకుంటే చాలు, తక్కిన రైబోసోములు ముగింపు సంకేతం దగ్గర పని పూర్తిచేయలేక నిలిచిపోతాయి. కొన్ని ఆ సంకేతాన్ని దాటి ముందుకు పోతాయి.

త్వచమా, రైబోసోమా అన్న ప్రశ్న దీనితో ముగిసిందనుకోవడం తొందరపాటు. బాక్టెనెసిన్-7 ముక్క తక్కువ గాఢతలో త్వచాన్ని చెదరగొట్టకుండానే చంపుతుందనీ, గాఢత బాగా పెరిగితే త్వచాన్నీ దెబ్బతీస్తుందనీ 2006లోనే వెల్లడైంది. ఒకే పెప్టైడ్‌కు రెండు మార్గాలుండవచ్చునన్నమాట. హైదరాబాదు నుంచి వెలువడిన 1979, 1990 నాటి వ్యాసాలను కూడా పరస్పర ఖండనలుగా కాక ఈ వెలుగులోనే పక్కపక్కన పెట్టి చదవాలి. పెప్టైడ్‌ను ఎంత గాఢతలో వాడారు, ఆర్.ఎన్.ఎ. సంశ్లేషణ ఆగడం ముందా, త్వచం చెడడం ముందా అన్నవి ఆ పఠనంలో మొదట అడగవలసిన ప్రశ్నలు.