ఉగ్గుగిన్నెలోని ఆముదము

మన తెలుగు పురిటిండ్లలో బిడ్డ భూమిమీద పడినది మొదలు పెద్దలను విడువని చింత యొకటి కలదు: బిడ్డకు కడుపు కదలినదా లేదా యని. గర్భవాసమున పేగులలో పేరుకొనిన నల్లని జిగట మలము వెలికిరానిచో కడుపుబ్బుననియు, పాలు గుడువదనియు వారెరుగుదురు. అందులకై ఉగ్గుగిన్నె వెలసినది. కొస ముక్కువలె సాగిన ఆ చిన్న వెండిగిన్నెలో తల్లిపాలు పిండి, నాలుగు చుక్కల ఆముదము కలిపి, కాళ్లు చాచి కూర్చున్న అవ్వ బిడ్డను తన కాళ్లపై పరుండబెట్టుకొని మెల్లగా పట్టెడిది.

ఆ ఆముదము గానుగలో ఆడినది కాదు. గానుగది దీపమునకు, బిడ్డకు వంటాముదము. గింజలను దోరగా వేయించి, రోట మెత్తగా దంచి, నీట మరగించగా పైకి తేలిన నూనెను గరిటెతో తీసి, తేమ యింకువరకు మరల కాచి, వడగట్టి సీసా కెత్తెడివారు. గింజలోని రిసిన్ అను విషము నూనెలో కరుగదనియు, వేడికి నశించుననియు రసాయనశాస్త్రము చెప్పుటకు మునుపే ఆ వృద్ధాంగనల చేతులకు ఆ పద్ధతి పట్టువడినది. అప్పటికిని బిడ్డ తేరుకొనకున్నచో తమలపాకు తొడిమను ఆముదమున ముంచి గుదమునకు తాకించుటయు, ఆకునకు నూనె రాచి దీపపుసెగ చూపి పొత్తికడుపుపై వేయుటయు కలవు.

ఇంత నేర్పును మన చేతులార తెచ్చుకొనిన లోటును పూడ్చుటకే చాలవరకు వ్యయమైనదని నా యభిప్రాయము. తొలి రెండు మూడు దినముల ముర్రుపాలను పెక్కిండ్ల పిండి పారబోసెడివారు. తొలిమలమును వెడలించుటకు ప్రకృతి కూర్చిన సహజవిరేచనౌషధ మదియే! దానిని నేలపాలుచేసి, లేత పేగులకు మితిమీరిన ఆముదమును పోసితిమి. పొరమారి ఊపిరితిత్తులలోనికి జారిన నూనె న్యుమోనియాను తెచ్చుటయు కద్దు. ఇందులకు తల్లులను నిందించుట న్యాయము కాదు. స్త్రీలకు స్తన్యము మూడు నాలుగు రాత్రులకు గాని రాదని సుశ్రుతసంహితయే పలికి, అందాక బిడ్డకు తేనెయు నేయియు విధించినది. 1976లో కాలిఫోర్నియాలో గుర్తింపబడిన శిశు బొటులిజమునకు తేనె యొక కారణమని తరువాత తేలినది. ఆ వ్యాధికి తొలిచిహ్నము తరచుగా మలబద్ధకమే.

ఆముదమునకు లొంగని బిడ్డలును ఉండిరి. కోపెన్‌హాగెన్ శిశువైద్యుడు హరాల్డ్ హిర్ష్‌ప్రుంగ్ 1886లో బెర్లిన్ వైద్యసభయందు అట్టి యిద్దరు పసివారి వృత్తాంతమును వినిపించెను. వారి పేగు కొసలో నాడీకణములు ఏర్పడకుండుటయే మూలమని పిదప తెలిసి, 1948 నాటికి స్వెన్సన్ అను శస్త్రవైద్యుడు దానికి శస్త్రచికిత్సను ప్రకటించెను. పుట్టిన దినము గడచినను నల్లమలము వెడలని శిశువును నేడు వైద్యులు వెంటనే పరీక్షింపగోరుట ఇందువలననే.